ఎరుపా... ఆకుపచ్చా?

శాంటాఫేలో హోటల్‌కి వెళ్లి, మెనూ చూసి, ఫలానాది తెమ్మని చెప్పేస్తే పని అయిపోదు. వెయిటర్ అక్కడే నిలబడి ఉంటుంది. ‘ఎరుపా? ఆకుపచ్చా?’ అని అడుగుతుంది. ఆ అడిగేది వంటకం మీద పోసే మిరపకాయ సాస్ గురించి. తేల్చుకోలేని వాళ్ల కోసం మూడో జవాబు కూడా ఉంది. ‘క్రిస్మస్’ అంటే చాలు... సగం ఎర్రది, సగం పచ్చది పోసి తెస్తారు. మనకు రాష్ట్ర పక్షి, రాష్ట్ర వృక్షం ఉన్నట్టే న్యూమెక్సికోకి అధికారికంగా ఒక ‘రాష్ట్ర ప్రశ్న’ ఉంది. అది ఇదే! 1990ల్లో అక్కడి శాసనసభ దీన్ని ఖాయం చేసింది.

అమెరికాకు నైరుతి మూలన ఉన్న న్యూమెక్సికో రాష్ట్రానికి రాజధాని శాంటాఫే. 1610 నుంచీ పాలనా కేంద్రం. ఇటుక, మట్టి రంగు గోడల ఇళ్లు, మధ్యలో ప్లాజా అనే పాత చౌరస్తా, దూరంగా కొండలు. ఊరు ఉన్నది ఏడువేల అడుగుల ఎత్తున... దాదాపు మన ఊటీ అంత. జనాభా లక్ష లోపే. కానీ పర్యటకుల కోసం హోటళ్లు వీధికి నాలుగు. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉంటూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని లాంగ్ వీకెండ్‌కి వెళ్లే తెలుగువాళ్లకు అక్కడ దొరికేది మహా అయితే ఐదారు పూటల భోజనం. ఆ ఐదారు పూటలూ ఎక్కడ తినాలి? రాత్రికి ఓ సీసా వైన్ కొనాలంటే ఎలా ఎంచుకోవాలి? రాష్ట్ర ప్రశ్నకు తోడు మరో చిన్న ప్రశ్న వేస్తే సగం చిక్కు విడిపోతుంది. ‘ఇది ఎక్కడ పండింది?’

మన మిరపకు చుట్టమే

మిరపకాయ మన సొంతం అనుకుంటాం గానీ దాని పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. పోర్చుగీసు వాళ్ల ఓడలెక్కి మన తీరానికి వచ్చింది. స్పెయిన్ వాళ్ల వెంట ఉత్తరానికి నడిచి న్యూమెక్సికో చేరింది. ఒకింటి ఆడపడుచులు ఇద్దరు రెండు దేశాలకు కోడళ్లుగా వెళ్లారన్నమాట. అక్కడా పండు మిరపకాయలను దండలు గుచ్చి వసారాల్లో వేలాడదీస్తారు. ‘రిస్త్రా’ అంటారు వాటిని.

ఎర్ర సాస్, పచ్చ సాస్... రెండింటికీ వేర్వేరు మొక్కలు లేవు. పచ్చిగా కోస్తే పచ్చది, పండి ఎండాక కోస్తే ఎర్రది. పచ్చిమిరపను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, తరిగి, వెల్లుల్లితో ఉడికిస్తారు. ఆగస్టు చివర, సెప్టెంబరులో వెళితే మార్కెట్ల ముందు ఇనుప జల్లెడ పీపాల్లో మిరపకాయలు వేసి గ్యాస్ మంట మీద గిరగిరా తిప్పుతుంటారు. ఊరంతా అదే కమురు వాసన. పచ్చడికి కాల్చిన వంకాయ, పచ్చిమిర్చి గుర్తొస్తాయి. ఎర్ర సాస్‌కి ఎండుమిరపను నానబెట్టి రుబ్బుతారు. కొన్నిచోట్ల కారప్పొడితో చేస్తారు.

ఘాటు సంగతంటారా? కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో అక్కడి మామూలు మిరప వెయ్యి నుంచి ఎనిమిది వేల లోపు ఉంటుంది. మన గుంటూరు సన్నం 35 వేల పైమాటే. కాబట్టి ‘చాలా కారం’ అని వెయిటర్ హెచ్చరించినా మన వాళ్లు జంకక్కర్లేదు. అలాగని ఆ నేల కారాన్ని తక్కువ అంచనా వేయొద్దు. లాస్ క్రూసెస్‌లోని వ్యవసాయ కళాశాలలో ఫాబియన్ గార్సియా అనే ఆచార్యుడు ఏళ్ల తరబడి సంకరం చేసి 1913లో ‘న్యూమెక్సికో నంబర్ 9’ రకాన్ని విడుదల చేశాడు. ఈ రాష్ట్రంలో నేటి మిరప సాగుకు అదే పునాది. ఆ కళాశాలే ఇప్పటి న్యూమెక్సికో స్టేట్ యూనివర్సిటీ. మన ఈశాన్యంలో పండే భూత్ జొలోకియా 2007లో గిన్నిస్ రికార్డుకెక్కిందంటే, దాని ఘాటు లెక్కగట్టింది కూడా ఈ విశ్వవిద్యాలయం ఆచార్యుడు పాల్ బోస్‌లాండే.

బోర్డు కాదు... బాగా చూడాల్సింది మెనూ

శాంటాఫే హోటళ్లు స్థూలంగా రెండు రకాలు. మొదటివి కుటుంబాలు తరతరాలుగా నడుపుకొస్తున్న మిరప సాస్ హోటళ్లు. ప్లాజాకు దగ్గర్లోని ‘ద షెడ్’ 1953లో మొదలైంది. అది ఉన్న మట్టి కట్టడం 1692 నాటిది. గుమ్మాలు ఎంత పొట్టివంటే పొడుగాటివాళ్లు తల వంచాల్సిందే. 2003లో దీనికి జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ ‘అమెరికా క్లాసిక్స్’ పురస్కారం దక్కింది. అమెరికా పాకశాస్త్రంలో అది పెద్ద గౌరవమే. నీలం జొన్నరొట్టె కాదు గానీ, నీలం మొక్కజొన్న రొట్టెలను ఎర్ర సాస్‌లో ముంచి ఇచ్చే ఎంచిలాడాలకు ఈ హోటల్ పేరు. మధ్యాహ్నం క్యూ భరించలేని వాళ్లకు రైల్‌యార్డు దగ్గర ఇదే కుటుంబం నడిపే ‘లా చోసా’ ఉంది. ఉదయం ఫలహారానికి ‘తియా సోఫియాస్’. 1975లో మొదలైన ఈ చిన్న హోటలే ‘బ్రేక్‌ఫాస్ట్ బరిటో’ అన్న మాటను తొలిసారి మెనూకెక్కించిందని చెప్పుకుంటారు. గుడ్డు, బంగాళాదుంప రొట్టెలో చుట్టి పైన మిరప సాస్ పోస్తారు.

రెండో రకం కొత్త వంటల హోటళ్లు. 1987లో మార్క్ మిల్లర్ ‘కయోట్ కెఫే’ తెరిచి, పల్లె మిరపకాయను తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీదికి తెచ్చాడు. దాంతో ‘సౌత్‌వెస్టర్న్ వంట’ అన్న మాట దేశమంతా పాకింది. ఈ తరహా చోట్ల వంట బాగుంటుంది, బిల్లూ బాగానే ఉంటుంది! ఐదారు పూటల్లో ఒక్క రాత్రి వీటికి కేటాయిస్తే సరి. మిగతా పూటలు మొదటి రకానివే జేబుకీ నాలుకకీ మేలు.

మంచి హోటల్‌ని గుర్తుపట్టడానికి రెండు గుర్తులు. మెనూ పొట్టిగా ఉండాలి. పిజ్జా, పాస్తా, టాకో, బర్గర్ అన్నీ ఉన్నాయంటే ఏదీ శ్రద్ధగా చేయడం లేదని అర్థం. రెండోది, సాస్ గురించి అడిగితే జవాబు రావాలి. మిరప ఏ ఊరిదో, సాస్ అక్కడే చేస్తారో లేదో చెప్పగలిగిన చోట తినొచ్చు. ‘కనుక్కుని చెబుతా’ అని లోపలికెళ్లి తిరిగిరాని చోట అనుమానించాల్సిందే.

శాకాహారులు అడగాల్సినవి

మాంసం ముక్క కనిపించనంత మాత్రాన అది శాకాహారం కాదు. గ్రీన్ చిలీ స్టూలో పంది మాంసం మామూలే. సాస్‌ని కోడి ఎముకల రసంతో పలచన చేసే చోట్లు ఉన్నాయి. పక్కన పెట్టే బీన్స్‌ను పంది కొవ్వులో వేయించి ఉండొచ్చు. ‘కార్నె’ అని కనిపిస్తే మాంసం. ‘కార్నె అడొవాడా’ అంటే ఎర్ర మిరపలో ఊరబెట్టిన పంది మాంసం. గొడ్డు మాంసం ముట్టని వాళ్లు ఎంచిలాడా, బరిటోల్లో ఏం కూరారో ముందే కనుక్కోవాలి.

భయపడాల్సిన పని మాత్రం లేదు. మాంసం లేకుండా సాస్ చేసే హోటళ్లు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి. ‘సాస్‌లో మాంసం గానీ, మాంసం రసం గానీ ఉందా? బీన్స్‌లో కొవ్వు వేశారా?’ అని నేరుగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. గుమ్మడి జాతి కాయలు, మొక్కజొన్న, పచ్చిమిరప కలిపి చేసే ‘కలబసితాస్’ మన వాళ్లకు ఇట్టే నచ్చుతుంది. బాగా పొంగిన పూరీలాంటి ‘సోపపియా’ను చివర తుంచి లోపల తేనె పోసుకుని తింటే నోటి మంట చల్లారుతుంది. పెద్దవాళ్లకు ఒక్క పూటైనా మన తిండి కావాలనిపిస్తే, ‘పేపర్ దోసె’ అనే దక్షిణాది హోటల్ కూడా ఈ ఊళ్లో మంచి పేరు తెచ్చుకుంది.

మన ‘వైన్స్’ వేరు, వైన్ షాపు వేరు

మన ఊళ్లలో ‘వైన్స్’ అన్న బోర్డు కింద బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ దొరుకుతాయి. వెతుక్కోవాల్సింది వైన్‌నే! అక్కడ సంగతి తిరగబడుతుంది. సూపర్ మార్కెట్లోనూ వైన్ అమ్ముతారు. కానీ ఏది కొనాలో తెలియనివాళ్లకు విడిగా ఉండే వైన్ దుకాణమే నయం. ఏం తినబోతున్నారో, ఎంత ఖర్చు పెట్టదలిచారో చెబితే దుకాణదారే సీసా ఎంచి ఇస్తాడు. హోటల్, వైన్ దుకాణం ఒకే కప్పు కింద నడిపే పద్ధతి కూడా అక్కడ ఉంది. శివార్లలోని ‘ఆర్రోయో వీనో’ అలా పేరు తెచ్చుకున్నదే.

కాలిఫోర్నియాలో ద్రాక్ష నాటడానికి వందేళ్లకు పైగా ముందే న్యూమెక్సికోలో నాటారు. చర్చి ప్రార్థనల్లో వైన్ కావాలి. స్పెయిన్ తన వ్యాపారం దెబ్బతింటుందని ద్రాక్ష కొమ్మలను కొత్త నేలకు తీసుకెళ్లనిచ్చేది కాదు. అయినా 1629లో ఇద్దరు క్రైస్తవ సన్యాసులు రహస్యంగా తెచ్చి రియో గ్రాండే నది ఒడ్డున నాటారు. వరదలు, 1920లో వచ్చిన మద్యనిషేధం ఆ తోటలను దెబ్బతీశాయి. మళ్లీ ఊపిరి పోసింది ఫ్రాన్స్ వాళ్లు. లెస్కోంబ్ కుటుంబం 1981లో, షాంపేన్ ప్రాంతానికి చెందిన గ్రువె కుటుంబం ఆ తర్వాత మూడేళ్లకు ఇక్కడ తోటలు వేశాయి. పగలు ఎండ, రాత్రి చలి... ద్రాక్షలో పులుపు నిలవడానికి అదే కారణం. గ్రువె వారి నురగ వైన్ ఈ రాష్ట్రం పేరును దేశమంతా తిప్పింది.

మిరప వంటకానికి ఏ వైన్ బాగుంటుంది? ముదురు ఎర్ర వైన్, ఎక్కువ ఆల్కహాల్ ఉన్నది నోటి మంటను పెంచుతాయి. కాస్త తీపి తగిలే రీస్లింగ్, లేత గులాబీ రంగు రోజే, లేదంటే నురగ వైన్... ఇవి కారాన్ని సర్దుబాటు చేస్తాయి. వేసవిలో వెళితే ఇంకో సరదా ఉంది. 1957 నుంచి నడుస్తున్న శాంటాఫే ఒపెరాకు వచ్చేవాళ్లు ప్రదర్శనకు ముందు పార్కింగ్ స్థలంలోనే బల్లలు పరిచి, తెచ్చుకున్న భోజనం, వైన్ ముగిస్తారు. మంచి బట్టలేసుకుని కారు డిక్కీ దగ్గర విందు!

ఏ పొలం గెలవాలి?

ఇక అసలు ప్రశ్న. ‘ఇది ఎక్కడ పండింది?’ అని అడగడం రుచి కోసం మాత్రమే కాదు. 1990ల తొలినాళ్లలో న్యూమెక్సికోలో మిరప సాగు 30 వేల ఎకరాలు దాటింది. ఇప్పుడది పదివేల ఎకరాల లోపుకి పడిపోయింది. కాయ చేత్తో కోయాలి. కోసే కూలీలు దొరకడం లేదు. సరిహద్దు అవతలి నుంచి చవకగా సరుకు వస్తోంది. పైగా నీటి కరవు. 2022 వేసవిలో ఆల్బుకర్కీ దగ్గర రియో గ్రాండే నది ఎండిపోయింది. అక్కడ అలా జరగడం నలభై ఏళ్లలో అదే మొదటిసారి.

‘హాచ్ చిలీ’ అన్న పేరు దేశమంతా చెలామణీలో ఉంది. నిజానికి హాచ్ అనేది మిరప రకం కాదు, రాష్ట్రం దక్షిణాన ఉన్న ఓ చిన్న ఊరు. ఊరి పేరుకు గిరాకీ పెరిగేసరికి ఎక్కడెక్కడి కాయకో ఆ పేరు తగిలించడం మొదలైంది. అందుకే ఆ రాష్ట్రంలో పండని మిరపను న్యూమెక్సికో మిరపగా అమ్మకూడదని 2011లో చట్టం చేశారు. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఎందుకు తెచ్చుకున్నామో తెలిసిన మనకు ఇందులో వింతేమీ లేదు. 2025 ఆరంభంలో గుంటూరు యార్డులో ధర కుప్పకూలి మిరప రైతులు ఎంత అల్లాడారో కూడా చూశాం. కాయ పేరు ప్రపంచానికి ఎక్కినంత మాత్రాన రైతు చేతికి డబ్బు రాదు. అది మన పొలానికీ, హాచ్ పొలానికీ ఒకటే.

వైన్ సీసాకీ ఇదే సూత్రం. సీసా మీద ‘న్యూమెక్సికో’ అని ఉంటే అందులో కనీసం 75 శాతం ద్రాక్ష ఆ రాష్ట్రంలో పండినదై ఉండాలని అమెరికా నిబంధన. ‘అమెరికన్’ అని మాత్రమే ఉంటే ఆ దేశంలో ఏ రాష్ట్రం ద్రాక్షయినా కావచ్చు. స్థానిక వైనరీ పేరు పెద్దక్షరాల్లో ఉన్న సీసా మీద కూడా కింద ‘అమెరికన్’ అని చిన్నగా కనిపించవచ్చు. అందులో మోసం లేదు. రుచికీ ఢోకా ఉండదు. కానీ ఆ నేల ద్రాక్ష తాగాలని వెళ్లినవాళ్లు ఆ చిన్నక్షరం చదవాలి. అడిగేవాళ్లుంటేనే హోటల్ వాళ్లు దగ్గరి పొలం కాయ కొంటారు. దుకాణం వాళ్లు దగ్గరి తోట సీసాను కళ్లెదుట పెడతారు.

బయల్దేరే ముందు...

* శాంటాఫేకి పెద్ద విమానాశ్రయం ఆల్బుకర్కీ. దూరం దాదాపు వంద కిలోమీటర్లు. రెండు ఊళ్ల మధ్య ‘రైల్ రన్నర్’ రైలు కూడా ఉంది.

* ఆగస్టులో ఇండియన్ మార్కెట్, అక్టోబరులో ఆల్బుకర్కీ బెలూన్ల పండగ. ఆ రోజుల్లో గదులే కాదు, హోటల్ బల్లలు కూడా ముందే బుక్ చేసుకోవాలి.

* శనివారం ఉదయం రైల్‌యార్డు రైతుబజారు తప్పక చూడాలి. మిరపపొడి పండించినవాళ్ల దగ్గరే కొనొచ్చు.

* మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. తల నెరిసినవాళ్లనైనా గుర్తింపు కార్డు అడగొచ్చు. ఇండియా నుంచి వచ్చినవాళ్లు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి.

* ఎత్తు ప్రాంతం, పొడి గాలి. ఒక్క గ్లాసుకే తల తిరగొచ్చు. నీళ్లు ఎక్కువగా తాగాలి. తాగి కారు నడపడం అసలే వద్దు. తొలిసారి పట్టుబడి శిక్షపడినవాళ్ల కారుకు కూడా ఊపిరి పరీక్ష యంత్రం బిగించాలని 2005లోనే చట్టం చేసిన రాష్ట్రమది.

* హోటల్ బిల్లు మీద పన్ను అదనం. ఆపైన టిప్పు 18 నుంచి 20 శాతం. మెనూలో ధర చూసినప్పుడే ఈ రెండూ కలుపుకుని లెక్క వేసుకుంటే బిల్లు చూసి ఉలిక్కిపడక్కర్లేదు.

* సాస్ ఏదైనా ముందు చిన్న గిన్నెలో రుచి చూపించమని అడగొచ్చు. మిరప కారం ఏడాదికో తీరు, పొలానికో తీరు!