నెట్ అయిపోతే నింద నాకేనా?

ప్రతి నెలా ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి మా ఇంట్లో నెట్ నత్తనడక పడుతుంది. వెంటనే నా మీద విచారణ మొదలవుతుంది. "పొద్దస్తమానం ఆ వంటల వీడియోలు పెట్టుకుంటే అయిపోదా మరి?" అంటారు మావారు. "అమ్మా, నీ సీరియల్స్ కాస్త తగ్గించు" అంటాడు మావాడు. పగలంతా ఇంట్లో ఉండేదాన్ని కదా, ఏది తరిగినా వేలు నా వైపే!

మూడు నెలలు నేనూ నమ్మాను. పోపు పెడుతూ వినే పాటలు కూడా మానేశాను. అయినా అదే వరస.

కంపెనీకి ఫోన్ చేశాను. "మీ 500 జీబీ అయిపోయింది మేడమ్, పెద్ద ప్లాన్‌కి మారండి" అన్నాడు ఆ అబ్బాయి. దేనికి అయిపోయిందయ్యా అంటే, "అది మాకు తెలీదు మేడమ్, ఇంట్లో సార్‌ని అడగండి" అన్నాడు. బిల్లు పంపేది వాళ్ళు, లెక్క చెప్పాల్సింది మావారట!

పచారీ కొట్టాయన కూడా కందిపప్పు ఎంత, చింతపండు ఎంత అని చిట్టా రాసిస్తాడు. మొత్తం మూడు వేలయింది, వచ్చే నెల నాలుగు వేలు తెచ్చుకోండి అంటే ఊరుకుంటామా?

ట్యాంకులో నీళ్ళు ఊరికే పోతుంటే ఒక్కో కుళాయీ కట్టి చూస్తాం కదా, నేనూ అదే చేశాను. కంపెనీ యాప్‌లో ఏ రోజు ఎంత అయిందో మొత్తం అంకె కనిపిస్తుంది. రోజుకొక వస్తువుకి వైఫై తీసేసి, ఆ అంకె నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నా ఫోన్‌కి తీసేసిన రోజు పెద్దగా తేడా లేదు. గేటు మీది కెమెరాకి తీసేసిన రోజు 25 జీబీ కాస్తా 14కి దిగింది!

వీధిలో దొంగతనం జరిగిందని మావారే పెట్టించిన కెమెరా అది. రాత్రీ పగలూ వీడియోని క్లౌడ్‌కి పంపుతూనే ఉంటుంది. సెకనుకి 1 మెగాబిట్ అంటే వినడానికి చిన్నదే. ఆపకుండా పంపితే రోజుకి 10 జీబీ పైన, నెలకి 300 పైన! మా ప్లాన్‌లో పైకి పంపేది కూడా వాడకం లెక్కలోకే వస్తుంది. మిగతాదంతా పెద్ద టీవీలో గంటకి 3 జీబీ దాకా లాగే హెచ్‌డీ సినిమాలు, మావాడి గేముల అప్‌డేట్లు.

"కరెంటు బిల్లులో ఫ్యాను ఎంత, ఫ్రిజ్ ఎంత అని రాస్తారా?" అని మావారి వాదన. రాయరు. కానీ ఫ్రిజ్ మీది నక్షత్రాల స్టిక్కర్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. మా కెమెరా పెట్టె మీద నెలకి ఎన్ని జీబీలో ఎక్కడా లేదు. పైగా రౌటర్ ఇచ్చింది కంపెనీయే. ఏ వస్తువు ఎంత లాగినా దాని గుండానే పోవాలి. కొన్ని రౌటర్లు ఆ లెక్క చూపిస్తాయి కూడా. మరి మనకెందుకు చూపించరు? లెక్క తెలిస్తే పెద్ద ప్లాన్ ఎవరు కొంటారు?

సగం అయినప్పుడు, 90 శాతం అయినప్పుడు వాడకందారుకి కబురు పెట్టాలని 2016లోనే ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. మంచిదే. కానీ ఆ మెసేజ్ వెళ్ళేది కనెక్షన్ పేరున్న మావారి నంబరుకి. ఆయన చదవరు. చదివినా అందులో ఉండేది మొత్తం అంకే, దేనికి అయిందో కాదు.

ఎవరేం చూశారో చెప్పమని నేను అడగడం లేదు. అలా చెబితే కోడళ్ళ మీద ఇంకో నిఘా పెట్టినట్టే. ఏ వస్తువు ఎన్ని జీబీ, అంతవరకు చాలు. డబ్బు కడుతున్నప్పుడు ఆ మాత్రం అడిగే హక్కు మనకి లేదా?

ఇప్పుడు మా కెమెరా ఎవరైనా కదిలినప్పుడే రికార్డు చేస్తోంది. నెలాఖరు దాకా నెట్ పరిగెడుతోంది. "పొరబడ్డాం" అని మాత్రం ఇంట్లో ఎవరూ అనలేదు. నేను మళ్ళీ పాటలు పెట్టుకుని పోపు పెడుతున్నాను.

మీ ఇంట్లోనూ వేలు మీ వైపే చూపిస్తుంటే, పెద్ద ప్లాన్‌కి తలూపే ముందు ఒక వారం నోట్‌బుక్ పట్టుకోండి.