యూరియా బస్తాలోని వాయువు

సిద్దిపేట జిల్లా కొండపాక మండలపు రైతు నాటు వేసిన పిదప వరిమడిలో చల్లు యూరియా, నిజమునకు, సహజవాయువు దాల్చిన మరియొక రూపమే. ఈ మండలమునందలి దుద్దెడ మీదుగా సాగు రాజీవ్ రహదారిపై ఉత్తరముగా పోయినచో రామగుండము చేరుదుము. అచ్చట బొగ్గుతో నడచి 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారపు స్థానమున 2021లో ఉత్పత్తి నారంభించిన నూతన కర్మాగారము, పైపులైను ద్వారా వచ్చు వాయువు నుండి ఉదజనిని గ్రహించి, గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియాగను, పిమ్మట ఆ ప్రక్రియయందే వెలువడు బొగ్గుపులుసు వాయువుతో చేర్చి యూరియాగను మార్చుచున్నది.

బొగ్గుతో పోల్చినచో సహజవాయువు మేలైన ఇంధనమనుట సత్యమే. అంతే విద్యుత్తునకు అది వెలువరించు బొగ్గుపులుసు వాయువు దాదాపు సగమే. బూడిద లేదు, గంధకపు పొగ అత్యల్పము. అయినను లెక్క పొయ్యి వద్ద గాక బావి వద్ద మొదలు కావలెను. సహజవాయువున ప్రధానాంశమైన మీథేను మండకయే ఆకాశమున చేరినచో, ఇరువది సంవత్సరముల కాలావధిలో బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 80 రెట్లు అధికముగా భూమిని వేడెక్కించును. ఇక మానవుల నష్టము మాటకు వచ్చినచో, 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుండి ఎగసి రెండు నెలలకు పైగా ఆరని మంటలను, 2014 జూన్ 27న నగరము గ్రామమున పైపులైను పేలి ఇరువదిమందికి పైగా అసువులు బాసిన దారుణమును కోనసీమ ఎన్నటికిని మరువజాలదు.

పొలమున చేరిన తరువాతను ఈ కథ ముగియదు. యూరియాలో బంధింపబడిన కర్బనము మట్టిలో విడివడి మరల గాలిలో కలియును. పైరు గ్రహింపక మిగిలిన నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడుగా మారి, నూరేండ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 270 రెట్లు తాపము కలిగించును. 45 కిలోల బస్తా రాయితీ వలన సుమారు 267 రూపాయలకే లభించుచుండుటచే, దాని అసలు మూల్యము రైతు కంటబడుట లేదు. దేశము వాడు వాయువులో దాదాపు సగము విదేశముల నుండి ఓడలపై దిగుమతి యగుచున్నదన్న సంగతియు మరుగున పడుచున్నది.

కావున సహజవాయువును త్యజింపుమని నేను చెప్పను. యూరియా లేక నేడు మన గాదెలు నిండవు. దానిని పొదుపుగా వాడవలెనని మాత్రము దృఢముగా చెప్పుదును. పైపులైనుల లీకులను నిరంతరము కొలిచి, ఆ లెక్కలను ప్రజల ముందుంచుట వాయుసంస్థల విధి. భూసార పరీక్షను అనుసరించి మోతాదు నిర్ణయించుట, వరికి ముందు జీలుగ, జనుము చల్లి కలియదున్నుట రైతుకు సాధ్యమైన పనులు. సిద్దిపేట చెంత బుస్సాపూరులో పట్టణపు తడిచెత్త నుండి ఇంధనవాయువు తీయు ప్లాంటును నెలకొల్పిరి; పశుసంపద గల కొండపాక పల్లెలలో పేడ గ్యాసు ప్లాంట్లకు ప్రభుత్వము అట్టి ఆదరణనే చూపినచో, వంటకు వాయువును, పొలమునకు మడ్డిఎరువును ఒక్కచోటనే లభించును. యూరియాపై వెచ్చించు రాయితీలో కొంత భాగమును ఈ మార్గమునకు మళ్లించుటయే నేటి వివేకము.