స్వేచ్ఛా గంట గుమ్మంలో బానిసల గది

అమెరికాలో రోడ్ల పక్కన, వీధి మూలల్లో చరిత్ర పలకలు నిలబెట్టి ఉంటాయి. ఫలానా జనరల్ ఇక్కడ గుర్రం దిగాడు, ఫలానా దొరగారు ఇక్కడ భోంచేశారు, ఇదీ వాటి వరస. వర్జీనియా రాష్ట్రం 1927లోనే వీటిని పాతడం మొదలుపెట్టింది. కారులో పోయేవాళ్లు ఆగి చదువుకుంటారు, నిజమే కాబోలనుకుని పోతారు. పలకమీద అక్షరాలకి రాసినోడి పేరుండదు గదా! సర్కారు ముద్ర ఉంటుంది. అందుకే మేం ముందు అడిగేది ఏం రాశారని కాదు, ఎవరు రాశారని.

లూసియానాలో కోల్ఫాక్స్ అనే ఊరుంది. 1873 ఏప్రిల్ 13న, ఈస్టర్ పండగ నాడు, తెల్లవాళ్లు అక్కడ నల్లవాళ్లని ఊచకోత కోశారు. లొంగిపోయినవాళ్లని కూడా వదల్లేదు. 1950లో సర్కారు అక్కడ పలక పెట్టి దానికి 'అల్లర్లు' అని పేరు పెట్టింది. ముగ్గురు తెల్లవాళ్లు, 150 మంది నల్లవాళ్లు చచ్చారని లెక్క చెప్పి, దాంతో బయటివాళ్ల దుష్టపాలన అంతమైందని సంతోషం కూడా రాసింది. హంతకుడే సమాధి రాయి చెక్కించినట్టుంది. ఆ పలక తీయడానికి 2021 దాకా పట్టింది.

ఇది సరే, దక్షిణాది తెల్లవాళ్ల కావరం అనుకుందాం. మరి స్వేచ్ఛ పుట్టిన ఊరని చెప్పుకునే ఫిలడెల్ఫియా సంగతేంటి? 1790 నుంచి 1797 దాకా అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ అక్కడే ఓ ఇంట్లో ఉన్నాడు. తన తోట నుంచి తొమ్మిది మంది బానిసల్ని తెచ్చుకున్నాడు. పెన్సిల్వేనియాలో 1780 నాటి చట్టం ఒకటుంది. బయటి నుంచొచ్చిన యజమాని ఆర్నెల్లకు మించి అక్కడ నివాసముంటే అతని బానిసలు స్వేచ్ఛ కోరవచ్చు. దొరగారేం చేశాడు? ఆర్నెల్లు నిండకముందే వాళ్లని ఏదో వంకన రాష్ట్రం దాటించి మళ్లీ తెప్పించేవాడు. అలా తిప్పడం కుదరదని 1788లో చట్టం సవరించినా ఆగలేదు. ఈ సంగతి వాళ్లకీ, జనానికీ తెలియకుండా చూడమని 1791లో తన కార్యదర్శికి ఉత్తరం కూడా రాశాడు. పారిపోయిన బానిసల్ని పట్టిచ్చే చట్టం మీద 1793లో సంతకం పెట్టిందీ ఆయనే.

ఆ ఇంట్లోనే ఓనా జడ్జ్ అనే పిల్ల దొరసాని దగ్గర పనిచేసేది. తనని మనవరాలికి కానుకగా ఇచ్చేస్తారని తెలిసింది. 1796 మే నెలలో దొర, దొరసాని భోజనానికి కూర్చున్న వేళ ఆ పిల్ల గడప దాటింది. పట్టిచ్చినవాళ్లకి బహుమానం ఇస్తామని పేపర్లో ప్రకటన వేశారు. న్యూ హాంప్‌షైర్‌లో జాడ తెలిసి మనుషుల్ని పంపారు. ఆమె రాలేదు. పేదరికంలో బతికింది, చదవడం నేర్చుకుంది, 1848లో చనిపోయింది. అప్పటిక్కూడా చట్టం దృష్టిలో ఆమె బానిసే. మరుసటేడు, వాషింగ్టన్ పుట్టినరోజు నాడే, వంటవాడు హెర్క్యులిస్ కూడా పారిపోయాడు. ఇలాంటివాళ్లని 'పనివాళ్లు' అని రాసుకునేవాళ్లు దొరలు. మన దొరలు వెట్టిని ఆనవాయితీ అన్నట్టే.

ఆ ఇల్లు ఎప్పుడో పడగొట్టారు. స్వేచ్ఛా గంటకి కొత్త భవనం కడుతుంటే 2002లో అసలు విషయం బయటికొచ్చింది. గంట చూడ్డానికి జనం లోపలికి అడుగుపెట్టే చోటే ఒకప్పుడు బానిసలు పడుకున్న గది ఉండేది! నల్లవాళ్లు కూటమి కట్టారు, న్యాయవాది మైకేల్ కోర్డ్ ముందు నిలబడ్డాడు. పిటిషన్లు, ప్రదర్శనలు, ఎనిమిదేళ్ల కొట్లాట. 2010 డిసెంబరులో ఆ స్థలంలో ప్రదర్శనశాల తెరుచుకుంది. ఎవరూ దయతలచి పెట్టలేదని గుర్తుంచుకోవాలి.

ఈ నగరం మనకి మరీ పరాయిదేం కాదు. అక్కడి నల్లవాళ్ల బతుకుమీద 1899లో పెద్ద పుస్తకం రాసిన డుబోయ్‌కే 1946లో అంబేద్కర్ ఉత్తరం రాశారు, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు పంపమని.

ఇప్పుడేం జరిగింది? దేశం గతాన్ని కించపరిచే రాతలు తీసేయమని 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాడు. 2026 జనవరిలో ఫెడరల్ పార్కుల శాఖ మనుషులొచ్చి ఆ పలకల్ని ఊడదీశారు. నగరం కోర్టుకెక్కింది. తిరిగి పెట్టమని ఫిబ్రవరిలో న్యాయమూర్తి ఆదేశిస్తే సర్కారు అప్పీలుకెళ్లింది. దేశాన్ని కించపరిచింది ఓనాని కట్టేసినవాడా, ఆమె పారిపోయిందని చెప్పిన పలకా? దీనికి జవాబు చెప్పే ధైర్యం ఆ ఉత్తర్వులో లేదు.

ఊడదీసేటప్పుడు ఒకటి వాళ్ల చేతికి రాలేదు. గోడలోనే చెక్కిన పేర్లవి. ఆస్టిన్, పారిస్, హెర్క్యులిస్, క్రిస్టఫర్ షీల్స్, రిచ్‌మండ్, జైల్స్, మాల్, జో, ఓనా.