దండు కట్టినవాడు జీతమివ్వాలి

కంప్యూటరు ఆటలంటే ఎవరినో ఒకరిని కాల్చిపారెయ్యడమేననీ, అవి కళ్ళకూ చదువుకూ చేటనీ పెద్దవాళ్ళలో ఒక స్థిరాభిప్రాయం వుంది. కళ్ళ సంగతి నేను కాదనను. కాని మా తార్నాకలో ఇంటరు చదివే కుర్రవాడొకడు మొన్న వీధిలో ఎదురై, "మాస్టారూ, జీతాల రోజు వచ్చేసిందండీ, చేతిలో చిల్లిగవ్వ లేదు. నా మనుషులు వెళ్ళిపోయేట్టున్నారు" అనేసరికి ఉలిక్కిపడ్డాను. తీరా విచారిస్తే ఆ మనుషులందరూ "వార్‌టేల్స్" అనే ఆటలోవాళ్ళు!

ఫ్రాన్సులోని బోర్డో నగరంలో షీరో గేమ్స్ అనే సంస్థ తయారుచేసిన ఆట ఇది. 2023 ఏప్రిల్‌లో పూర్తిరూపంలో వెలువడింది. కథ చాలా క్లుప్తం. ఎడోరాన్ అనే సామ్రాజ్యం మహమ్మారి వాతబడి కూలిపోయి నూరేళ్ళయింది. మిగిలింది దొంగలూ, తోడేళ్ళూ, ఆకలీను. మీరు రాజకుమారులూ కారు, కారణజన్ములూ కారు. నలుగురు కిరాయి సిపాయిలు, మూటలు మోసే పొట్టిగుర్రమొకటి, ఇంతే మీ ఆస్తి. ఎటు వెళ్ళాలో చెప్పేవాడుండడు. దేశమంతా తెరిచిపెట్టి వుంటుంది.

కొత్తవాళ్ళు చెడేది ఇక్కడే. నలుగురు సరిపోరనుకుని, కనబడిన ప్రతివాణ్ణీ దండులో చేర్చుకుంటారు. చేర్చుకోవడం సులువే, రోజూ ఆ నోటికి అన్నం పెట్టాలి, గడువు వచ్చేసరికి జీతమివ్వాలి. అలసిపోతే గుడారం వేసుకుని విశ్రమించక తప్పదు, విశ్రమించిన ప్రతిసారీ తిండి ఖర్చవుతుంది. జీతం అందనివాడు మొహం ముడుచుకుంటాడు, తరువాత మూట సర్దుకుంటాడు. ఒకటో తారీఖు జీతంతో ముప్ఫయ్యో తారీఖు దాకా నెట్టుకొచ్చే ఇల్లాలికి ఈ ఆట ఎవరూ నేర్పనక్కరలేదు. అబ్బాయి ఆడుతున్నప్పుడు వెనకనుంచి తల్లిగారు ఒక్క మాట చెబితే సగం చిక్కులు తీరిపోతాయని నా నమ్మకం.

ఇదంతా ఉత్త కల్పన అనుకోకండి. 1753లో సలాబత్ జంగ్ మన ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి చేతిలో పెట్టింది ఎందుకనుకున్నారు? బుస్సీ దొర సైన్యానికి జీతాలకోసం! కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం, అన్నీ ఒక జీతాల పద్దు కింద పోయాయి. తరువాత నిజాం అలీఖాన్ కొలువులో రేమండ్ అనే మరో ఫ్రెంచి సేనాని పెద్ద దండును తయారుచేశాడు. ఆయన ఫిరంగులు పోయించిన చోటే మన గన్‌ఫౌండ్రీ. ముసారాంబాగ్ పేరులోని ముసారాం కూడా ఆయనేనంటారు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. ఆ అక్టోబరులో, నిజాంతో కుదిరిన ఒడంబడికను పట్టుకుని ఇంగ్లీషువారు ఆ దండును రద్దు చేయించబోయేసరికి, సిపాయిలు బాకీ జీతాలకోసం తమ ఫ్రెంచి దొరలనే పట్టి బంధించారు. పదివేలకు మించిన దండు, యుద్ధమన్నది లేకుండానే ఆయుధాలు కింద పెట్టింది. మలక్‌పేట వైపు వెళ్ళినప్పుడు గుట్టమీది రేమండ్ సమాధి చూసిరండి.

ఇక ఆటకు వద్దాం. నలుగురికీ తలా ఒక వృత్తి అప్పజెప్పండి. ఒకడు వంట, ఒకడు చేపలు పట్టడం, ఒకడు గనిపని, ఒకడు కమ్మరం. దారిలో కనబడిన ఏటిదగ్గరల్లా ఆగితే ఒక పూట గడుస్తుంది. అంగట్లో దొంగిలిస్తే ఇంకా చవక గదా అని కొందరు మేధావులకు తోస్తుంది. అనుమానం పెరిగితే కావలివాళ్ళు వెంటబడతారు, అప్పుడు దొంగిలించినదానికంటె వదిలించుకునేది ఎక్కువ.

పోట్లాటలో మన పులిజూదం గుర్తుంచుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. వెనక స్థానం ఖాళీగా వదిలి ఒంటరిగా వెళ్ళిన మేక పులినోట పడుతుంది. జట్టుగా కదిలిన మేకలు పులినే కట్టేస్తాయి. ఇక్కడా అంతే. వీరావేశంతో ఒకణ్ణి ముందుకు తోస్తే నలుగురు చుట్టుముడతారు, తప్పించుకు రాబోతే వీపున దెబ్బ తగులుతుంది. ఇంకొక కిటుకుంది. శత్రువులలో ఎవరి వంతు ఎప్పుడో తెరమీద ముందే కనబడుతుంది. మన వంతున మాత్రం ఎవరిని కదపాలో మన ఇష్టం. తరువాతి దెబ్బ ఎవడు కొట్టబోతున్నాడో చూసి వాణ్ణే ముందు పడగొట్టండి. ఎదురుగా వున్న లావుపాటివాడిమీదికే చూపు పోతుంది, పోనివ్వకండి. ప్రత్యేక విద్యలకు శౌర్యం ఖర్చవుతుంది, అది ముఖ్యంగా విశ్రమించినప్పుడే తిరిగివస్తుంది. మొదటి పోట్లాటలోనే అంతా ధారపోస్తే రెండోదానికి ఉత్తచేతులే. కవచం దెబ్బతింటే వెంటనే బాగుచేయించండి. దాన్ని దాటాకే దెబ్బ ఒంటికి తగులుతుంది.

నాకు ఈ ఆటలో అన్నిటికంటె నచ్చిన ఘట్టం మొదటి సీమ టిల్ట్రెన్‌లోనే వుంది. పొరుగుసీమనుంచి వచ్చిన కాందిశీకులు ఆకలికి ఓర్వలేక దోచుకుంటున్నారు. ఊరివాళ్ళు మిమ్మల్ని సాయం పిలుస్తారు. ఎవరి పక్షం వహిస్తారో మీరే తేల్చాలి. ఊరివాళ్ళ నష్టం నిజం, కాందిశీకుల ఆకలీ నిజం. మీ సొంత గిన్నెలోనూ రెండు పూటలకు మించి లేదు. తొందరపడి డబ్బెవరిస్తే వాళ్ళవైపు దూకకండి. రెండు శిబిరాలకూ వెళ్ళి వాళ్ళ మాటలు పూర్తిగా విని, అప్పుడు తేల్చుకోండి. భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ వాదించుకోదగ్గ విషయమది.

మొదలుపెట్టేటప్పుడు ఆట ఒక ప్రశ్న వేస్తుంది: ఒక్కొక్క సీమకూ ఒక్కొక్క బలం స్థిరంగా వుండాలా, లేక మీ బలాన్నిబట్టి శత్రువుల బలం మారాలా అని. కొత్తవాళ్ళు మొదటిదే తీసుకోవడం మేలు. ఎక్కడికి వెళ్ళకూడదో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. అన్నట్టు, నలుగురుదాకా కలిసి ఆడే వీలు కూడా వుంది. అప్పుడు జీతాల పద్దు ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి.