డిపో పనితీరుకు ఓఆర్ ఒక్కటే గీటురాయా?

ఆర్టీసీ డిపోల పనితీరు ప్రస్తావన రాగానే ముందుగా వినిపించే మాట ఓఆర్. బస్సు సామర్థ్యంలో ఎంత మేర ప్రయాణికులతో నిండిందో తెలిపే శాతమిది. కిలోమీటరుకు రాబడి, వ్యయం, లీటరు డీజిల్‌కు నడిచిన దూరం, మార్గమధ్యంలో మొరాయించిన బస్సులు, ప్రమాదాలు... ఇలా మరెన్నో లెక్కలున్నాయి. అన్నింటినీ ఒకే వరుసలో పేరిస్తే ఏది కారణమో, ఏది ఫలితమో తేలదు.

మెట్ల వరుస

1992లో అమెరికాకు చెందిన రాబర్ట్ కాప్లాన్, డేవిడ్ నార్టన్ 'బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు' విధానాన్ని ప్రతిపాదించారు. ఆర్థిక ఫలితాలు, వినియోగదారులు, అంతర్గత పని విధానం, సిబ్బంది నైపుణ్యం అనే నాలుగు కోణాల్లో సంస్థను చూడాలన్నది దాని సారాంశం. పై మెట్టులోని లక్ష్యం కింది మెట్టులో పనిగా మారాలి. సంస్థకు వ్యయ నియంత్రణ లక్ష్యమైతే డిపోకు అది డీజిల్ పొదుపు, గ్యారేజీకి సకాలంలో మరమ్మతు, డ్రైవరుకు శిక్షణ. ఎవరి చేతిలో ఉన్న పనికి వారే జవాబుదారీ. పాత బస్సు, గుంతల రోడ్డు అప్పగించి, ఇంధనం ఎక్కువైందని డ్రైవరునే నిలదీయడం న్యాయం కాదు.

అర్థం మారిన అంకె

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకాల కింద మహిళలకు నిర్దేశిత బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. జీరో టికెట్ల సొమ్మును ప్రభుత్వం భరించాలి. దీంతో బస్సు కిక్కిరిసినా కండక్టరు సంచిలో నగదు ఆ మేరకు పెరగదు. ఓఆర్ పెరిగిందని డిపో లాభపడినట్లు భావించడం, నగదు తగ్గిందని సిబ్బందిని నిందించడం రెండూ సరికావు. ప్రభుత్వం నుంచి రావాల్సిన బకాయిని వేరే పద్దులో చూపితేనే అసలు చిత్రం తెలుస్తుంది.

సగటు చాటున...

లెక్క పైకి వెళ్లేకొద్దీ సగటుగా మారుతుంది. సమాన దూరం, సమాన సీట్లతో తిరిగే రెండు బస్సుల్లో ఒకదానికి 120, మరోదానికి 40 శాతం ఓఆర్ నమోదైతే సగటు 80. కాగితంపై డిపో భేష్! ఒక ఊరి విద్యార్థులు మాత్రం ఫుట్‌బోర్డుపై వేలాడుతుంటారు. రాబడే కొలమానమైతే ముందుగా కత్తెర పడే ముప్పు పల్లెవెలుగు ట్రిప్పులకే.

అందుకే రాబడి పక్కన రద్దయిన ట్రిప్పులు, ఓఆర్ పక్కన అధిక రద్దీ, ఇంధన పొదుపు పక్కన బస్సు వయసు చేర్చాలి. కొలమానాలు కొన్నే ఉన్నా ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి. డిపోకు ర్యాంకు ఇచ్చే ముందు, ఆ ఊరికి బస్సు వేళకు వచ్చిందా అన్న ప్రశ్నకూ పట్టికలో చోటుండాలి.