పెట్రోలు చీటీయు విద్యార్థియు

యుద్ధచరిత్రలు వ్రాయువారు ట్యాంకులను, విమానములను, ఓడలను లెక్కింతురు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆంధ్రదేశపు విద్యార్థి యుద్ధమును చూచిన చోటు అది గాదు. అతడు దానిని బస్సు వెనుక తగిలించిన బొగ్గుకొలిమిలో చూచెను. నూనె లేని లాంతరులో చూచెను. ఇంత పాతసంగతిని మేమేల త్రవ్వుచున్నామని పాఠకులు అడుగవచ్చును. ఆనాటి పంపకములోని పొరపాటు మరల మరల జరుగుచున్నది గనుక త్రవ్వుచున్నాము.

1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు మన ప్రజాప్రతినిధులలో ఒక్కరినైనను సంప్రదింపక హిందూదేశమును యుద్ధమున దింపెను. 1941లో పెట్రోలునకు రేషను వచ్చెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయెను, మలయా రబ్బరు జపాను పాలయ్యెను, టైర్లు కరవయ్యెను. మార్చిలో రంగూను పోయెను. ఏప్రిలులో బర్మాయందలి ఎనాంగ్యాంగు నూనెబావులను వెనుకకు మరలుచున్న ఆంగ్లసేనలే ధ్వంసము చేసెను. అక్కడి నూనెతో వెలుగుచుండిన మన పల్లెల దీపములకు ఆ దెబ్బ తగిలెను.

బొగ్గు బస్సు నెక్కిన పెద్దల మాటలు ఇప్పటికిని కొన్ని యిండ్లలో చెప్పుకొనబడుచున్నవి. బండి వెనుక పీపావంటి యినుపకొలిమి. అందు కొయ్యబొగ్గు పోసి నిప్పంటించి, క్లీనరు కుర్రవాడు గాలిచక్రమును చేతితో త్రిప్పుచుండవలయును. చాలినంత గాలి లేక బొగ్గు మండగా పుట్టిన విషవాయువును చల్లార్చి, వడగట్టి, ఇంజనునకు పంపుదురు. బండి కదలుటకే చాల సేపు పట్టును. కదలినను పెట్రోలునాటి బలముండదు. మిట్ట వచ్చెనా, ప్రయాణికులు దిగి త్రోయవలసినదే. పరీక్షకు పోవు బాలుడు మసిపట్టిన చొక్కాతో ఆలస్యముగా హాలు చేరెననిన నవ్వవలసిన పని లేదు. సైకిలు గలవాడు అదృష్టవంతుడు, టైరు పగులునంతవరకు!

1942 ఏప్రిలు 6న విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను జపాను విమానములు బాంబులు వేసెను. వాల్తేరు భవనములు సైన్యమునకు పోగా, కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా నున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలెను. పెట్టెయు పరుపుచుట్టయు మోసికొని విద్యార్థియు వెంట నడచెను.

యుద్ధకాలమున పెట్రోలును కొలిచి పంచుట తప్పని మేము వాదింపము. వైద్యునకు కావలయును, రోగిబండికి కావలయును. మా అభ్యంతరము కొలతను గూర్చి. చీటీ మోటారు పేర పుట్టెను. మనుష్యుని పేర పుట్టలేదు. న్యాయస్థానమున ఆస్తి గలవాడే దావా వేయగలిగినట్లు, ఇక్కడ కారు గలవాడే అర్జీదారు. కారు లేని వానికి నష్టము కలిగెనని చెప్పుకొనుటకు ఒక కాగితమైనను లేదు. అతని వాటా అంతయు ఆ బస్సులోనే యున్నది. ఆ బస్సునకో బొగ్గు పెట్టిరి. ఒక్క దొరను మోయు కారునకు పెట్రోలు, ఇరువదిమందిని మోయు బండికి బొగ్గు! ఇంగ్లండులో 1942 జూలైలో సొంత కార్లకు నెలనెల నిచ్చు సాధారణపు పెట్రోలునే రద్దుచేసి, పని రుజువుచేసినవారికి మాత్రమే యిచ్చిరి. తమ దేశమున ధనికుని షికారును ఆపగలిగిన వారికి ఈ న్యాయము తెలియదని యనుట కష్టము.

ఇది పరపాలన దోషము, దానితోనే పోయినదందురా? 2022లో మన పొరుగున సింహళమున యుద్ధము లేదు. డాలర్లు లేక ఇంధనము కరవయ్యెను. జూనులో పాఠశాలలు మూసిరి. తరువాత వచ్చిన పంపకపు తొలి ప్రకటనలో వారమునకు కారునకు 20 లీటర్లు, బస్సునకు 40. కారులో ఎందరు కూర్చుందురో, బస్సులో ఎందరు నిలుచుందురో పాఠకులే లెక్క వేసికొనవచ్చును. అక్కడ ఏలినవారు తెల్లదొరలు కారు. మరల బండ్లనే లెక్కించిరి, తలలను గాదు.

మన సంగతి చూడుడు. నాడు బాంబులు పడిన విశాఖపట్టణముననే నేడు రాతిగుహలలో 13 లక్షల టన్నులకు పైగా ముడినూనెను నిలువచేయు ఏర్పాటున్నది. 2015లో అది సిద్ధమయ్యెను. కష్టకాలమునకై కూర్చిన ఈ నిలువను మేము మెచ్చుకొనుచున్నాము. ఐనను గాదె నిండియుండుట వేరు, ఎవరి కంచమున ముందు వడ్డింతురనుట వేరు. ఆ గుహలను తెరువవలసిన దినము వచ్చినప్పుడు కళాశాలకు పోవు బస్సునకు ఎన్నవ స్థానమో, సొంత కారునకు ఎన్నవ స్థానమో జిల్లాజిల్లాకును ముందుగనే వ్రాసి ప్రకటింపవలయునని ప్రభుత్వము వారిని కోరుచున్నాము. కరవు వచ్చిన తరువాత వ్రాయు ఉత్తరువు కారు గలవాని బల్లమీదనే వ్రాయబడును.