నాలుగు కొట్టినవాడా, ఒకటి కొట్టినవాడా?

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాత రిటైరయ్యాక నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఈ ఏడు మన సంఘం ఒక హాకీ పిల్లవాడికి స్టిక్కు, బూట్లు, కోచింగు ఖర్చు ఇస్తుంది. పోటీలో ఇద్దరున్నారు, ఇద్దరూ ఫార్వర్డులే. గోల్స్ ఎక్కువ కొట్టినవాడికే ఇవ్వాలని గ్రూపులో చాలామంది రాశారు. నేను ఒప్పుకోను.

2024 డిసెంబరు 4న మస్కట్‌లో జూనియర్ ఆసియా కప్ ఫైనల్. పాకిస్తాన్ మీద మనవాళ్ళు 5-3తో గెలిచారు. అరైజీత్ సింగ్ నాలుగు కొట్టాడు, దిల్‌రాజ్ సింగ్ ఒకటి. మరుసటి రోజు అందరి నోటా అరైజీత్ పేరే. న్యాయమే. కానీ ఆ నాలుగింటిలో మూడు పెనాల్టీ కార్నర్లు. డ్రాగ్ ఫ్లిక్ గొప్ప విద్య, రోజూ వందలసార్లు కొడితేగాని రాదు. దిల్‌రాజ్‌ది వేరే దారి. బంతి తీసుకుని తానే డిఫెండర్ల మధ్య దూరిపోయే రకం, ఆ ఒక్క గోలూ అట్లా కొట్టిందే.

పెనాల్టీ కార్నర్ ఊరికే రాదు కదా. ఎవడో ఒకడు డి లోపలికి దూసుకుపోవాలి, డిఫెండర్ కాలికి బంతి తగిలించాలి, లేదా దెబ్బ తినాలి. స్కోరు కార్డులో వాడి పేరుండదు. గూడ్స్ షెడ్డులో నేను ఇన్నేళ్ళు చూసిందీ ఇదే. రసీదు మీద డబ్బు తీసుకున్న క్లర్కు సంతకం ఉంటుంది, మూటలు మోసినవాడి పేరు ఉండదు.

మన ఇద్దరిలో పెద్దవాడు ఫ్లిక్ కొట్టేవాడు. మణికట్టు బలం దేవుడిచ్చాడు. కానీ వాడికి దొరికే కార్నర్లు సగానికి పైగా చిన్నవాడు సంపాదించి పెట్టినవే. నాలుగు మ్యాచ్‌లు గట్టు మీద కూర్చుని లెక్క రాసుకున్నాను, క్లర్కు బుద్ధి పోదు. చిన్నవాడికి ఒక లోపం ఉంది, ఒప్పుకుంటాను. పక్కన ఖాళీగా ఉన్నవాడికి బంతి ఇవ్వడు. అది కోచ్ దిద్దగలడు. భయం లేకుండా డి లోపలికి పోవడం మాత్రం ఏ కోచూ నేర్పలేడు.

ఇంకొక మాట. 2022 ఆసియా కప్‌కు మన కోవిల్‌పట్టి గ్రౌండు నుంచి ఇద్దరు ఇండియా జట్టులోకి పోయారు, మారీశ్వరన్, కార్తి. కార్తి అరియలూరు పిల్లవాడు, ఇక్కడికొచ్చి నేర్చుకున్నాడు. పాకిస్తాన్ మీద మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. అప్పటినుంచి మన ఊళ్ళో ప్రతి తండ్రీ పిల్లవాడిని అడిగేది ఒకటే, ఈరోజు ఎన్ని కొట్టావని. చిన్నవాడి తండ్రి కూడా అదే అడుగుతాడు. లేదంటే ఆట మాన్పించి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పంపిస్తానంటున్నాడు. పెద్దవాడిని ఏ క్యాంపువాళ్ళయినా పిలుస్తారు, గోల్స్ లెక్క ఉంది కాబట్టి. చిన్నవాడికి మనం తప్ప ఎవరున్నారు?

ఆదివారం మీటింగులో నా చెయ్యి చిన్నవాడికే లేస్తుంది. నమ్మకం లేనివాళ్ళు శనివారం సాయంత్రం అయిదింటికి గ్రౌండుకు రండి. గోల్ వైపు కాదు, డి అంచున చూడండి. టీ ఖర్చు నాది.